ఆమెకి బయటి మందు పడదు

చదువుల పేరుతో కెనడాకి మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న ఆ రోజుల్లో, ఇక్కడ నిజంగా దొరకనిది కాలేజీ సీటు కాదు, పార్ట్‌టైమ్ ఉద్యోగమూ కాదు. తలుపు వేసుకుంటే మనదనిపించే ఒక గది. మిస్సిసాగాలో ఒక బేస్‌మెంట్లో ఆరుగురం ఆడపిల్లలం సర్దుకుని ఉండేవాళ్ళం. నా పరుపు ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య. ఎవరైనా పెరుగు కోసం ఫ్రిజ్ తెరిస్తే నేను మోకాళ్ళు ముడుచుకోవాలి. (పెరుగన్నం మీద నాకు కోపం మొదలైంది అక్కడే.) అలాంటి నాకు ఓక్‌విల్‌లో ఒక తెలుగువాళ్ళ టౌన్‌హౌస్ పై అంతస్తులో కిటికీతో సహా ఒక గది దొరికింది. అందుకే ఆ ఇంటాయన ఒక మనిషిని కింద గదిలో దాచి హింసిస్తున్నాడని నాకు నమ్మకం కుదిరిన రోజున కూడా, నా మనసు మొదట ఆ మనిషి గురించి కాక ఆ కిటికీ గురించి బెంగపడింది. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇంటాయనని అంకుల్ అనేదాన్ని. అనంతపురం వైపు మనిషి. చాలా ఏళ్ళు టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ చేసి, అక్కడ గ్రీన్‌కార్డు రాక, విసిగి ఇక్కడికి వచ్చేశారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట ఎంత మెల్లగా ఉండేదంటే ఆయన "తిన్నావామ్మా?" అని అడిగితే నేను రెండుసార్లు "ఆఁ?" అనాల్సి వచ్చేది. నేను చేరిన రోజున మర్యాదకి "ఆంటీ ఏరీ అంకుల్?" అని అడిగాను. "ఆంటీ ఊర్లో లేదమ్మా" అన్నారు. ఆ మాట అంటూ ఆయన చూసింది వీధి తలుపు వైపు కాదు, బేస్‌మెంట్ మెట్ల వైపు. ఆంటీ కోటు కొక్కేనికి అలాగే ఉంది. ఆంటీ చెప్పులు గుమ్మం దగ్గర అలాగే ఉన్నాయి. వంటింటి కిటికీ గట్టు మీద ఆంటీ కళ్ళజోడు, మడతపెట్టకుండా, ఇప్పుడే తీసి పెట్టినట్టు ఉంది. ఊరికి వెళ్ళినవాళ్ళు కళ్ళజోడు వదిలేసి వెళ్తారా అని నాకు అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని కిటికీ వంక చూసి మింగేశాను.

ఆ ఇంట్లో నాకు పెట్టిన షరతులు రెండే. బట్టలు ఉతుక్కోవడానికి ఆదివారం పొద్దున మాత్రమే బేస్‌మెంట్‌కి వెళ్ళాలి. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా మాత్రం కిందికి అసలు రాకూడదు. వాషింగ్ మెషీన్ పక్కనే ఇంకో తలుపు ఉండేది, ఎప్పుడూ తాళం వేసి. నవంబరు వచ్చేసరికి అయిదింటికే చీకటి పడిపోయేది. నేను కాఫీ షాపులో పొద్దుటి షిఫ్టు, మధ్యాహ్నం క్లాసులు ముగించుకుని బస్సు దిగి వచ్చే వేళకి వీధిలో ఒక్క మనిషీ కనిపించేవాడు కాదు. తలుపు తీయగానే కింద నుంచి గరగరమని ఒక చప్పుడు వినిపించేది, బియ్యంలో రాళ్ళు వేసి ఎవరో చేటతో ఆడిస్తున్నట్టు. కాసేపటికి అది ఆగేది. ఆగాక వచ్చే నిశ్శబ్దం ఆ చప్పుడు కంటే భయంగా ఉండేది. తరవాత గొంతులు మొదలయ్యేవి.

మొదటి వారం అంకుల్ గొంతు ఒక్కటే అనుకున్నాను. రెండో వారం, మెట్ల దగ్గర షూ లేసు విప్పుకుంటూ స్పష్టంగా విన్నాను. ఒక ఆడ గొంతు. నాలుక తిరగనట్టు, నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు, ముక్కలు ముక్కలుగా. "మె...డ... బి...గిం..." అంది. ఆగిపోయింది. అప్పుడు అంకుల్ గొంతు, ఎప్పటిలాగే మెత్తగా: "ఇంగోసారి చెప్పు. సరిగ్గా చెప్పేదాకా నేను వదిలేది లేదు." మళ్ళీ ఆ గొంతు, "మం...దు... త...గ్గిం..." అంటూ మధ్యలోనే తెగింది. నేను ఒక షూ కాలికి, ఒకటి చేతికి ఉండగానే పైకి పరుగెత్తాను. గది తలుపు గడియ పెట్టి, సూట్‌కేసు అడ్డం పెట్టి, దాని మీద కూర్చున్నాను. ఇంకాస్త బరువు ఉండాలని ఊరగాయ డబ్బా కూడా ఒళ్ళో పెట్టుకున్నాను. (అల్లం పచ్చడి, రెండు కేజీలు. అమ్మ పంపింది.)

ఆ ఆదివారం బట్టలు ఉతక్క తప్పలేదు, కాఫీ షాపు యూనిఫాం ఒకటే కాబట్టి. బేస్‌మెంట్‌కి వెళితే డ్రయర్ మీద ఒక నోటుపుస్తకం ఉంది. ఊరికే ఉన్న పుస్తకం తెరవడం తప్పని నాకు తెలుసు. తెరిచాను. అంతా తెలుగు, ముత్యాల్లాంటి అక్షరాలు. నిలబడే చదవడం మొదలుపెట్టాను. "శనివారం. మందు నలభై రెండు గ్రెయిన్లు. ఆమెకి పడలేదు. గట్టిగా తన్నింది." ఆ కింద: "ఆదివారం. మెడ ఇంకొంచెం బిగించాను. భుజం వెనక్కి నెట్టాను. నోటి లోపల గీకి నునుపు చేశాను. మందు కాస్త తగ్గించాను. ఈసారి అంతగా తన్నలేదు, కానీ కుడివైపుకి పోతోంది." ఇంకో పేజీలో: "గొంతు కొలిచాను. ఒళ్ళు చల్లారేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆమెకి బయటి మందు పడదు. ఇంట్లో చేసిందే పడుతుంది."

నేను బీఫార్మసీ చదివినదాన్ని. గ్రెయిన్ అంటే పాతకాలపు మందుల తూకమని, సుమారు అరవై అయిదు మిల్లీగ్రాములని మా సార్ బెత్తంతో చెప్పించారు. అక్కడే, డ్రయర్‌కి ఆనుకుని, నలభై రెండు గ్రెయిన్లని మనసులో గుణించాను. రెండు గ్రాముల ఏడువందల మిల్లీగ్రాములు. ఏ మందైనా సరే, ఒక మనిషికి ఒక్క మోతాదులో అంత ఇస్తే తన్నకుండా ఎలా ఉంటుంది? నా చదువు నన్ను కాపాడాల్సింది పోయి ఇంకా భయపెట్టింది. ఆ చేతిరాత చివరి పేజీలో సగంలో ఆగిపోయింది. "మందు సగం తూచాను. కుడి చెయ్యి ఎందుకో" అని ఉంది. అంతే. 'ఎందుకో' దగ్గర నుంచి కలం గీత ఒకటి వంకర్లు తిరుగుతూ పేజీ అడుగుదాకా జారిపోయింది. రాసే మనిషి చేతిని ఎవరో పట్టి లాగినట్టు ఉంది ఆ గీత. ఆంటీ తిరగబడి ఉంటుందని తీర్మానించుకున్నాను. తడి యూనిఫాం అలాగే చంకలో పెట్టుకుని పైకొచ్చాను.

నాకు ఈ దేశంలో ఉన్న ఏకైక పెద్ద దిక్కు మా పెద్దమ్మ కొడుకు. వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో పని చేసేవాడు కాబట్టి వేర్‌హౌస్ అన్న అని పిలిచేవాళ్ళం. ఫోన్ చేసి అంతా చెప్పాను. అవతల ఫోర్క్‌లిఫ్ట్ ఆపిన చప్పుడు వినిపించింది. తరవాత అన్నాడు, "చెల్లే, గాయన ఏ ఊరాయన అన్నవ్?"

"అనంతపురం."

"సీమాయనా? బాంబులు గట్ల ఏమన్న కనవడ్డయా?"

"లేవన్నా. మందులు."

"మందులంటే? తాగేదా, మింగేదా?"

"పెట్టే మందు గావచ్చన్నా" అన్నాను. మన వైపు మందు పెట్టడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. అన్న గొంతు తగ్గించాడు. "పోలీసులకు చెప్తె మంచిదే గాని, తప్పయితే నిన్ను ఇంట్లకెల్లి ఎల్లగొడ్తరు. గీ చలిల యాడికి పోతవ్? మళ్ల స్టేటస్ గొడవొస్తదో ఏమో. నువ్వయితే ముందుగాల కండ్లార చూడు. చూసినంక చెప్పు." (వీసా స్టేటస్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదని తరవాత తెలిసింది. కానీ ఆ రోజుల్లో మేము బస్సులో గట్టిగా తుమ్మినా స్టేటస్ పోతుందేమోనని భయపడేవాళ్ళం.) అన్న మాట విన్నాక నాకు ఒకటి మాత్రం తేలింది. నేను నోరు మూసుకుంటే కిటికీ నాది. కింద ఆ గొంతు మూసుకుపోతే ఆ పాపమూ నాదే.

గురువారం సాయంత్రం అయిదు దాటింది. వంటింట్లో మ్యాగీ చేసుకుంటున్నాను. బేస్‌మెంట్ మెట్లెక్కి అంకుల్ వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వేళ్ళకి నల్లగా ఏదో అంటుకుని ఉంది. నన్నూ, నా చేతులనీ మార్చి మార్చి చూశారు. "నువ్వు బీఫార్మసీ చేసినావు కదమ్మా, మందు తూసేది వస్తుందా?" అన్నారు. నా తల దానంతటది ఊగింది, వస్తుందని. "నేనెంత చేసినా ఆమెకి కుదరడం లే. నా చెయ్యి సరిపోవడం లే. ఒక్కసారి కిందికొస్తావా?" అన్నారు. స్టవ్ ఆపేశాను. జేబులో ఫోన్ మీద తడుముతూ పోలీసుల నంబరు తొమ్మిది, ఒకటి, ఒకటి నొక్కి, బొటనవేలు పచ్చ గుర్తు మీద ఉంచాను. ఆయన ముందు, నేను వెనక. పద్నాలుగు మెట్లు. లెక్కపెట్టాను కాబట్టి ఇప్పటికీ గుర్తు.

తాళం తీశారు. లోపల తెల్లటి దీపం, బల్ల, బల్ల మీద చిన్న త్రాసు, సీసాలు. ఇత్తడి గొట్టాలు వేలెడేసి పొడుగున, నోళ్ళు తెరుచుకుని వరసగా నిలబడి ఉన్నాయి. మూల ఒక పడక కుర్చీ. కుర్చీకి ఆడవాళ్ళ శాలువా కప్పి ఉంది. ఆ కుర్చీలో ఎవరూ లేరు. అంకుల్ ఆ ఖాళీ కుర్చీ వంక తిరిగి, "పిల్లని తీసుకొచ్చినాను, చూడు" అన్నారు. ఖాళీ కుర్చీలోంచి "ఎ...వ...రు?" అని వినిపించింది.

నేను కేక వేశాను. వెనక్కి పడ్డాను. పడుతూ బొటనవేలు నొక్కాను. ఫోన్‌లోంచి ఒకావిడ చాలా శాంతంగా ఏం జరిగిందని అడుగుతోంది. నేను తెలుగులో ఆంటీ అన్నాను, మెడ అన్నాను, మందు అన్నాను. అడ్రస్ అడిగితే మాత్రం చక్కటి ఇంగ్లీషులో, పోస్టల్ కోడ్‌తో సహా చెప్పాను. పార్సెల్ వాళ్ళకి చెప్పి చెప్పి అలవాటు. అప్పుడు కనిపించింది, కుర్చీలో శాలువాకి ఆనించి పెట్టిన ఫోన్. తెర మీద ఒక మొహం. నెరిసిన జుట్టు. మొహంలో ఒక పక్క నన్ను చూసి కంగారు పడుతోంది. రెండో పక్క కదలడం లేదు.

పోలీసులు వచ్చేలోపు, నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, అంకుల్ చెప్పారు. ఆంటీకి రెండు నెలల కిందట, ఇదే గదిలో, ఇదే బల్ల ముందు పక్షవాతం వచ్చింది. హామిల్టన్‌లో రిహాబ్ ఆసుపత్రిలో ఉంది. మాట పోయింది. చెప్పాలనుకున్నది లోపలే ఉంటుంది, బయటికి రాదు. మనవాళ్ళకి తెలిస్తే పళ్ళు పట్టుకుని వరసగా వచ్చి, వంకరపోయిన మొహం చూసి అయ్యో అంటారని ఆంటీ భయం. అందుకే ఊర్లో లేదని చెప్పడం. ఆమెకి బాగా ఇష్టమైన పని ఏదో దాని గురించే రోజూ మాట్లాడించమని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. "చీరలా, వంటలా అని అడిగిందమ్మా ఆ పిల్ల" అన్నారు అంకుల్. "ఆమెకి ఇష్టమైంది రైఫిల్ అని నేనెట్లా చెప్పేది?"

అనంతపురంలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా ఉండిన ఆంటీ, టెక్సస్‌లో వీసా వల్ల ఉద్యోగం చేయలేక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటుంటే, పక్కింటి ముసలావిడ షూటింగ్ రేంజికి తీసుకెళ్ళిందట. మనుషులనీ, జంతువులనీ కొట్టేది లేదు, కాగితం మీద చుక్కని కొట్టడమే. ఇక్కడికొచ్చాక లైసెన్సు తీసుకుని ఒక రైఫిల్ కొనుక్కుంది. అంగడిలో అమ్మే తూటాలు అన్ని రైఫిళ్ళకీ కలిపి చేసినవి, రెడీమేడ్ జాకెట్లలాగా. ఒక్కొక్క రైఫిల్‌కి ఒక్కొక్క తీరు. దానికి సరిగ్గా సరిపోవాలంటే కొలతలిచ్చి కుట్టించుకున్నట్టు తూటా ఇంట్లోనే చేసుకోవాలి. కాల్చిన ఖాళీ ఇత్తడి గొట్టాలని మెషీన్లో తిప్పి శుభ్రం చేసి (అదే ఆ గరగర), వాటిలో తుపాకీ మందు అర గ్రెయిన్ అటూ ఇటూ మార్చి చూసుకుంటూ, తూటాలన్నీ కాగితం మీద ఒక్కచోటే పడేదాకా పొంతన చూస్తూ పోవాలి. ఏడాదిగా చూస్తోంది ఆంటీ. పొంతన కుదరబోతుండగా చెయ్యి పడిపోయింది. ఇప్పుడు ఆమె ఫోన్‌లో చెబుతుంటే ఈయన చేస్తున్నారు. తుపాకీ అంటే ఆమడ దూరం పోయే మనిషి, భార్య నోట ఒక్క మాట రావడం కోసం లైసెన్సు దగ్గర్నుంచి మొదలుపెట్టి నేర్చుకుంటున్నారు.

పోలీసులు ఇద్దరు వచ్చారు. పొడుగాటి ఒక మేడమ్, ఆమె వెనక ఒక కుర్రాయన. అంకుల్ రెండు చేతులూ కనిపించేలా పెట్టుకుని లైసెన్సులు, తాళం వేసిన బీరువా చూపించారు. మేడమ్ కనుబొమలు మాత్రం దిగలేదు. "ఈ అమ్మాయి ఎందుకు ఫోన్ చేసింది?" అంది. నేను నోటుపుస్తకం చూపించాను. చదివి ఇంగ్లీషులో చెప్పమంది. ఏడుపు ఆపుకుంటూ అనువాదం మొదలుపెట్టాను. "హీ టైటెన్‌డ్ ద నెక్. హీ పుష్‌డ్ ద షోల్డర్ బ్యాక్. హీ స్క్రేప్‌డ్ ద మౌత్. హీ మెజర్‌డ్ ద థ్రోట్. షీ కిక్‌డ్." ఒక్కొక్క వాక్యానికీ ఆమె కనుబొమలు ఒక్కొక్క మెట్టు దిగాయి. చివరికి పెదవి కొరుక్కుంటూ బల్ల మీది ఇత్తడి గొట్టం ఒకటి తీసి నా కళ్ళ ముందు పెట్టింది. పై అంచు నోరట. దాని కింద సన్నటిది మెడట. వాలుగా ఉన్నది భుజమట. గొంతు రైఫిల్‌దట. తన్నడమూ దానిదేనట. వాళ్ళ నాన్నా, తనూ చలికాలమంతా ఇదే పని చేస్తారట. తెలుగులో నిలువునా హత్యగా ఉన్నది ఇంగ్లీషులోకి మారేసరికి మామూలు తూటా అయి కూర్చుంది.  

"హీ అన్నావు" అంది మేడమ్, నా వంక చూసి. "ఇది రాసింది ఈయనేనా?"

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. బిగించాను, నెట్టాను, గీకాను. తెలుగులో 'నేను' అన్నాక ఆడో మగో ఎక్కడ తెలుస్తుంది? అప్పుడు కుర్చీలోంచి, ఒక్కొక్క అక్షరాన్ని బావిలోంచి తోడినట్టు, "కాదు" అని వినిపించింది. ఆగి, "నేను" అంది. ఇంకా ఆగి, "నేను... రాసినా."

అంకుల్ చేతిలోంచి లైసెన్సు కింద పడింది. రెండు నెలలుగా ఆమె అన్నవి చాలావరకు ఈయన అందించిన మాటలే. ఎవరూ అందించకుండా, తనంతట తాను, తన గురించి అన్న మొదటి మాట అది. "ఏమంటివి? మళ్ళీ చెప్పు" అంటూ ఆయన కుర్చీ ముందు నేల మీద కూలబడిపోయారు. తెర మీద ఆంటీ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. మ్యాగీ వాసనతో, పడ్డప్పుడు ఒకటి ఊడిపోగా ఒక కాలికే సాక్సుతో, పోలీసులని పక్కన పెట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ఆమె మొహంలో బతికున్న సగం నవ్వడం మొదలుపెట్టింది. గొంతులోంచి చప్పుడు సరిగా రాలేదు, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం వచ్చాయి. నేను కూడా ఏడ్చాను. మేడమ్ గోడ పైన ఉన్న చిన్న కిటికీ వంక చూస్తూ, బయట మంచు మొదలైందని అంది.

ఆ ఇంట్లోంచి నన్నెవరూ వెళ్ళగొట్టలేదు. మర్నాటి నుంచి అయిదింటికి నేను కూడా కిందికి వెళ్ళేదాన్ని. ఆంటీ ఫోన్‌లోంచి "త...క్కువ" అనేది, "చా...లు" అనేది. నేను మందు తూచేదాన్ని, మిగతా పని అంకుల్‌ది. రేంజిలో వాళ్ళు రైఫిల్‌ని షీ, షీ అంటుంటే విని, ఏడాదిగా కాపురం చేస్తున్నదాన్ని 'అది' అనడానికి మనసొప్పక ఆంటీ 'ఆమె' అని రాసుకుందని, పక్క బల్ల మీసాల దొర లెక్కలు తొంగి చూసేవాడు కాబట్టి తెలుగులో రాసుకుందని అప్పుడే తెలిసింది. ఆ నోటుపుస్తకంలో సగంలో ఆగిన పేజీని మాత్రం మళ్ళీ తెరవలేకపోయాను. రాస్తున్నదే తెలియకుండా ఒక మనిషి తన చెయ్యి పోవడాన్ని రాసుకున్న గీత అది. నేను దాన్ని ఇంకెవరో చేసిన నేరంగా చదివాను. దానికి ఎవరినీ పట్టుకోవడానికి లేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే ఆ మెట్ల మీది చలి తగులుతుంది నాకు.

ఆంటీ క్రిస్మస్‌కి ముందు చేతికర్రతో ఇంటికొచ్చింది. ఏప్రిల్లో ముగ్గురం రేంజికి వెళ్ళాం. ఇసుక సంచుల మీద రైఫిల్, ఆంటీ ఎడమచేతి వేలు, ఆమె కుడి భుజం కింద అంకుల్ భుజం. అయిదు తూటాలు. కాగితం తెచ్చి చూస్తే అయిదు చిల్లులనీ కలిపి ఒక రూపాయి బిళ్ళతో మూసేయొచ్చు. మీసాల దొర వచ్చి ఎంత మందు పోశారని అడిగాడు. ఆంటీ చాలా ప్రయత్నించి, స్పష్టంగా, "చెప్పను" అంది. తెలుగులోనే.

ఇప్పుడు నేను మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీలో తూకాలు సరిచూసే ఉద్యోగంలో ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలు దేనికైనా కంగారుపడి నా దగ్గరికి పరుగెత్తుకొస్తే, ముందు కూర్చోబెట్టి, రాసింది ఎవరో అడిగారా అంటాను. వాళ్ళకి ఆ ప్రశ్న అర్థం కాదు. నా బల్ల సొరుగులో ఆ రేంజి కాగితం ఉంది. కాగితం వెనక ఆంటీ ఎడమచేత్తో, ఒకటో తరగతి పిల్లలాగా పెద్ద పెద్ద వంకర అక్షరాలతో, పుస్తకంలో రాసుకున్నట్టే రాసిచ్చింది: "శనివారం. పై గది పిల్ల మందు తూచింది. చెయ్యి వణికింది. అయినా ఆమెకి పడింది." ఆ 'ఆమె' రైఫిలా, రాసిన మనిషా అని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకప్పుడు ఆ రెండు అక్షరాలకి నాకు తోచిన అర్థం చెప్పుకుని ఇంటి మీదికి పోలీసులని తెచ్చినదాన్ని కాబట్టి, ఈసారి మాత్రం అడక్కుండా ఊరుకున్నాను.